కాగితం మేస్త్రీ గేటు

ఖరిదా, ఖరగ్‌పూర్
3 జులై 1967

తవిటయ్య మేస్త్రీకి, వరాహనరసింహం ఆశీర్వదించకుండా రాస్తున్న ఉత్తరం.

1937లో విశ్వకర్మ పూజకి వారం ముందు, వర్క్‌షాప్ బయట టీ బడ్డీ దగ్గర నువ్వు నాకొక మాట ఇచ్చావు. "పూజ మర్నాడు రండి బాబూ, కొత్త రాడ్డు మీ సేతిలో పెడతాను, మొదటి అతుకు మీరే ఎయ్యండి" అన్నావు. నేను నమ్మాను. అంతటితో ఆగకుండా డ్రాయింగ్ ఆఫీసులో పద్నాలుగు మందికి చెప్పాను. ఖాకీ చొక్కా కుట్టించుకున్నాను. పూజ మర్నాడు ఆ పద్నాలుగు మందినీ వెంటబెట్టుకుని నీ షెడ్డుకి వస్తే, నువ్వు ముఖం మీదికి ముసుగు దించుకుని, గోడవైపు తిరిగి, గంటసేపు తల ఎత్తలేదు. ఆ గంటలో ఒక్క నిప్పురవ్వ కూడా లేవలేదు. మనిషి ముసుగు వేసుకుని ఊరికే కూర్చుంటే పని చేస్తున్నట్టు కనిపించదని నీకెవరూ చెప్పలేదు కాబోలు.

ఆ రోజునుంచి ఆఫీసులో నా పేరు "కాగితం మేస్త్రీ". గీతలు గీస్తాడు, ఇనుము ముట్టుకోలేడు అని. కిందటేడు రిటైరైన రోజున మెడలో దండ వేసి, మైకులో కూడా అదే పేరు పిలిచారు. చప్పట్లు బాగా కొట్టారు.

నీతో మాట్లాడనని ఆనాడు ఒట్టు పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా మాట్లాడలేదు. రాయనని ఒట్టు పెట్టుకోలేదు.

విషయానికి వస్తాను. మూసేసిన సైకిలు దుకాణం నుంచి ఒక పాత వెల్డింగ్ సెట్టు కొన్నాను. ముందు వాకిట్లో రేకు పందిరి వేయించాను. మా ప్రహరీకి ఇనుప గేటు చేస్తున్నాను, స్వయంగా. డ్రాయింగులు మూడు తయారయ్యాయి. గీసినవాడు, సరిచూసినవాడు, ఆమోదించినవాడు అన్న మూడు చోట్లా సంతకం నాదే, కాబట్టి తప్పులకు అవకాశం లేదు. ఈ సెప్టెంబరు 17న, విశ్వకర్మ పూజ నాడు, డ్రాయింగ్ ఆఫీసు వాళ్లందరినీ ఇంటికి పిలిచాను. వాళ్లు నా చేత్తో అతికిన గేటు తోసుకుని లోపలికి రావాలి. ఆ తర్వాత ఎవరు ఏ పేరుతో పిలుస్తారో చూస్తాను.

వెల్డింగు మీద మూడు పుస్తకాలు చదివాను. మూడింట్లోనూ లోహాల చరిత్ర బాగుంది. రాడ్డు ఎలా పట్టుకోవాలో మాత్రం ఎవరూ రాయలేదు. నాకు బాకీ ఉన్న ఆ ఒక్క పాఠం టపాలో పంపించు.

ఇట్లు,
వరాహనరసింహం

తా.క. నీకు చదువు రాదని తెలుసు. ఎవరిచేతనైనా చదివించుకో. నీ పరువు తీసే వాక్యాల కింద గీతలు గీశాను. వాటిని రెండేసి సార్లు చదివించుకో.

*

పూరీ గేట్
8 జులై 1967

మహారాజశ్రీ నరసింహం బాబుగారికి తవిటయ్య దండాలు పెట్టి, కోడలు గంగాభవాని సేత రాయించినది.

మీ ఉత్తరం అందినాది. గీతలు గీసిన మాటలు రెండేసి తూర్లు ఇన్నాను. బాగున్నాయి.

ఆ దినం సంగతి నన్నడగొద్దు బాబూ. నాను ఒకరికి మాటిచ్చి, మీకు మాట తప్పినాను. ఆ ఒకరెవరో సెప్పను. సెప్పనని కూడా మాటిచ్చినాను.

ఈ వయసులో మీకీ పనేటండీ? పుస్తకాలున్నాయి, ఈజీ కుర్సీ ఉన్నాది, బాలాంబమ్మగారి సేతి కాపీ ఉన్నాది. సరే, మీరు ఇనరు. రాసుకోండి.

ముందు ముసుగు. అద్దం లేకుండా ఆ ఎలుగు సూసినారంటే సాయంకాలానికి కళ్లల్లో ఇసక పోసినట్టుంటాది, ఎర్రగా అయిపోతాయి. రాడ్డుని ఇనుము మీద పొడవకండి, అగ్గిపుల్ల గీసినట్టు గీయండి. ఎలిగినాక ఇనుముకీ రాడ్డుకీ నడుమ బియ్యపుగింజంత సందు ఒగ్గీయండి. సెవులు పెట్టి ఇనండి. మూకుట్లో గారెలు ఏగినట్టు సప్పుడు రావాల. కోళ్లు కొట్టుకున్నట్టు వస్తే తప్పు రాడ్డుది కాదు, మీది.

ముందు పాత ముక్కల మీద నేర్సుకోండి. గేటు జోలికి బేగి ఎల్లకండి.

ఇట్లు మీ సేవకుడు
తవిటయ్య (వేలిముద్ర)

తా.క. బాబుగారూ, నేను గంగాభవానిని. మావయ్య నోట్లో మాట నోట్లో ఉన్నట్టే రాయమన్నారు, రాశాను. మీ ఉత్తరం విని ముందు నవ్వారు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఈ సంగతి ఉత్తరంలో రాయొద్దన్నారు. తా.క.లో రాయొద్దని అనలేదు.

*

ఖరిదా
20 జులై 1967

తవిటయ్య మేస్త్రీకి,

నీ పాఠం చేరింది. అగ్గిపుల్ల గీసినట్టు గీశాను. రాడ్డు ఇనుముకి అంటుకుపోయింది. లాగాను. ఇనుము కూడా వచ్చింది. ఇంకా లాగితే వెల్డింగ్ సెట్టు కూడా బయల్దేరింది. బాలాంబ పరుగున వచ్చి స్విచ్చి ఆపకపోతే మేం ముగ్గురం, నేనూ సెట్టూ ఇనుమూ, ఊరేగింపుగా నీ ఇంటికే వచ్చేవాళ్లం.

బియ్యపుగింజంత సందు అన్నావు. ఏ బియ్యం? మా ఇంట్లో రెండు రకాలున్నాయి. పక్కింటి ఘోష్ బాబు తినేది మూడో రకం. ముప్ఫై రెండేళ్లు నా డ్రాయింగుల మీద పని చేసినవాడివి, కొలత అంగుళంలో ఎన్నో వంతో చెప్పడం నేర్చుకోలేదా? ముడి గింజా, దంపుడు గింజా, ఉడికిన గింజా అన్నదైనా రాయి.

నీ ఉత్తరం భోజనాల దగ్గర బాలాంబకు పైకి చదివి వినిపించాను. ఒక మనిషి ఎంత అర్థం లేకుండా పాఠం చెప్పగలడో ఇంట్లోవాళ్లకు కూడా తెలియాలి కదా. రెండోసారి కూడా చదవమంది. ఆమెకూ నవ్వొచ్చి ఉంటుంది. మూడోసారి "ఆ సందు ఎంతన్నాడూ?" అని అడిగింది. చూశావా, ఎప్పుడూ ఇనుము ముట్టుకోని ఆడదానికి కూడా నీ లోపం కనిపించింది.

ఇట్లు,
వరాహనరసింహం

తా.క. నేను సెట్టు వేసినప్పుడల్లా ఘోష్ బాబు ఇంట్లో ఫ్యాను ఆగిపోతోంది. గోడ మీదుగా తల పెట్టి, "నొర్షింహో బాబూ, ఆమార్ పాఖా!" అంటాడు. పరిశ్రమకు త్యాగం తప్పదని మూడు భాషల్లో చెప్పాను. ఆయనకు మూడూ వచ్చు. అదే ఇబ్బంది.

*

పూరీ గేట్
27 జులై 1967

బాబుగారికి దండాలు.

ఏ బియ్యమైనా పరవానేదు బాబూ, మీరు అన్నం మట్టుకు పెట్టకండి. రాడ్డు ఎంత లావుంటే అంత సందు. ఇప్పుడు కొలత సెప్పినాను కదా, ఇంక నన్ను తిట్టడానికి ఇంకోటి ఎతుక్కోండి.

రెండో పాఠం. గేటు సట్రానికి నాలుగు మూలలు కదా. ఒక మూల మొత్తం అతికీసి, ఆనక రెండోదానికి ఎల్లకండి. నాలుగు మూలలా ముందు సిన్న సిన్న సుక్కలు పెట్టండి, టాకాలంటాం. బట్టకి కచ్చాకుట్టు ఏసినట్టు. మూలమట్టం పెట్టి సూసుకోండి. అప్పుడు ఈ మూల కొంత, ఎదురు మూల కొంత. ఎందుకంటారా? ఏడి తగిలిన ఇనుము సల్లారినప్పుడు లాగుతాది. కొత్త కోడలు పుట్టింటివేపు లాగినట్టు లాగుతాది. మీరు ఎన్ని గీతలు గీసినా లాభం నేదు. ఇనుము డ్రాయింగు సదువుకోనేదండి, నాలాగే.

ఇట్లు
తవిటయ్య (వేలిముద్ర)

తా.క. కొత్త కోడలి మాట మావయ్యదే. నేను రాయనన్నాను. రాయకపోతే పోస్టుమేన్ సూసన్నతో రాయించుకుంటానన్నారు. సూసన్న రాస్తే పూరీ గేట్ అంతా చదువుతుంది కాబట్టి రాశాను. నేను ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్లయింది. ఇప్పటివరకు పుట్టింటికి వెళ్లింది నాలుగుసార్లు. ఇనుము కంటే నేనే నయం.

*

ఖరిదా
19 ఆగస్టు 1967

తవిటయ్య మేస్త్రీకి,

నీ రెండో పాఠం నా డ్రాయింగుకు విరుద్ధంగా ఉంది. మూలలకు 1, 2, 3, 4 అని నంబర్లు వేశాను. ఒకటి పూర్తి కాకుండా మూడుకు వెళ్లడం క్రమశిక్షణ కాదు. అందుచేత ఒకటో మూల పూర్తిగా అతికాను, తర్వాత రెండోది. చట్రం చల్లారాక నేలమీద పెడితే నాలుగు కాళ్ల బల్లలా లేచి నిలబడింది. కింద నుంచి పిల్లి అటూ ఇటూ తిరుగుతోంది. డ్రాయింగు మాత్రం చదునుగానే ఉంది. తప్పు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

విసుగొచ్చి, మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆంధ్రా లైబ్రరీకి వెళ్లిపోయాను. మూడునుంచి ఆరుదాకా నేను అక్కడే ఉంటానని నీకు తెలుసు. లోకానికీ తెలుసు. నాలుగు రోజులు గేటు ముఖం చూడలేదు. అయిదో రోజు చూస్తే, చట్రం చదునుగా పడుకుని ఉంది! మూడో మూలా నాలుగో మూలా అతికి ఉన్నాయి. అతుకులు వరుసగా, పేర్చినట్టుగా ఉన్నాయి. అవి నేనే వేసి ఉండాలి. ఎప్పుడు వేశానో గుర్తు లేదు. గాఢమైన ఏకాగ్రతలో మనిషి చేసిన పని అతనికి గుర్తుండదని గొప్ప గ్రంథాలన్నీ ఘోషిస్తున్నాయి. నా విషయంలో అది రుజువైంది. దీనిమీద ఒక వ్యాసం రాస్తున్నాను.

ఘోష్ బాబు మళ్లీ దెబ్బలాటకు వచ్చాడు. బుధవారం సాయంత్రం నాలుగింటికి తన ఫ్యాను ఆగిందట. నాలుగింటికి నేను లైబ్రరీలో ఉన్నాను, రిజిస్టరులో సంతకం ఉంది, పోయి చూసుకోమన్నాను. చూసి వచ్చాడు. క్షమాపణ చెప్పాడు. పాపం, ఆ మనిషి ముఖం చూస్తే ఇంకా ఏదో సందేహం తీరనట్టే ఉంది.

నేను నేర్చుకుంటున్న పాత అతుకు ముక్క ఒకటి సూసన్న చేత పంపిస్తున్నాను. రెండువైపులా పనితనం చూడు. గేటు డ్రాయింగు నకలు కూడా పంపాను. చూసి నేర్చుకో.

ఇట్లు,
వరాహనరసింహం

తా.క. బుధవారం సాయంకాలం బాలాంబ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరిగానంది. ఆ రోజు ఏకాదశి. ఏకాదశినాడు ఉల్లిపాయ ఎందుకు తరిగావంటే వంటింట్లోకి వెళ్లిపోయింది. వయసు పెరిగేకొద్దీ ఆచారం సడలిపోతోంది.

*

పూరీ గేట్
25 ఆగస్టు 1967

బాబుగారికి దండాలు.

ముక్క సూసినాను. ఒకవేపు పనస తొక్కలాగున్నాది. తిప్పి రెండోవేపు సూసినాను. కళ్లజోడు తుడుసుకుని మళ్లీ సూసినాను. బాబూ, సెయ్యంటే ఇదండి! రాడ్డు ఎక్కడా తొందరపడనేదు, ఎక్కడా బెదరనేదు. నా దగ్గర పదేళ్లు సేసినోళ్లు కూడా ఇలగ ఎయ్యనేదు. ఒకే మనిసి ముక్కకి ఈవేపు అలగ, ఆవేపు ఇలగ ఎలగేసినారో నాకు తెల్దు గానీ, ఆవేపు సేసినప్పుడు మీరేటి తిన్నారో ఇంకమీద అదే తినండి.

మీ డ్రాయింగు కోడలు సదివి సెప్పినాది. నాను వేలు పెట్టి తడుముకున్నాను. ఒక తప్పున్నాది. గేటు మడతబందుల మూడింటికీ, నడిమి పిన్ను మీద అతుకు బాణం గుర్తు పెట్టినారు. పిన్నుని అతికీస్తే గేటు తిరగదు కదా బాబూ. బందు రెక్కలకి పెట్టవలసిన బాణం పిన్నుకి పెట్టినారు. ముప్ఫై రెండేళ్లలో మీ డ్రాయింగులో తప్పు దొరకడం ఇదే మొదలు. నాకేటీ సంబరంగా నేదు.

ఇట్లు
తవిటయ్య (వేలిముద్ర)

తా.క. సంబరంగా లేదన్నది అబద్ధం. నూకాలమ్మకి కొబ్బరికాయ కొట్టారు. మీరు పంపిన ముక్కను దేవుడి గూట్లో పెట్టారు, పనస తొక్క కిందికి వచ్చేలా.

*

ఖరిదా
17 సెప్టెంబరు 1967, ఉదయం ఎనిమిది గంటలు

తవిటయ్యకు,

మేస్త్రీ అన్న మాట ఇవాళ రాయడం లేదు. గమనించు.

నువ్వు చూపించిన తప్పు తప్పే. ఒప్పుకున్నాను. కానీ సంతకమైన డ్రాయింగు మీద రబ్బరుతో చెరపడం డ్రాయింగ్ ఆఫీసు పద్ధతి కాదు. సవరణ చీటీ రాయాలి, రెండు ప్రతులు. ఒకటి ఫైలులో పెట్టాలి, రెండోది డ్రాయింగుకు అంటించాలి. నిన్న మధ్యాహ్నం లైబ్రరీ కూడా మానుకుని వెనక వసారాలో కూర్చుని ఆ పనే చేశాను. గేటు అప్పటికే స్తంభాలకు బిగించి ఉంది, బందులు అతకడమొక్కటే మిగిలింది. అది సవరణ ప్రకారం సాయంత్రం చేద్దామనుకున్నాను. అక్షరాలు బాగా కుదరక చీటీ నాలుగుసార్లు తిరగరాశాను. నేను రాస్తున్నంతసేపూ గారెలు వేగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతిథుల కోసం బాలాంబ ఇంత శ్రమ పడుతోందని మనసులో మెచ్చుకున్నాను కూడా. తీరా చీటీ అయ్యేసరికి పొద్దుపోయింది. పొద్దున్నే చేద్దామని పడుకున్నాను.

పొద్దున్న లేచి చూస్తే మూడు బందులూ అతికి ఉన్నాయి. పిన్నుల మీద. తప్పు డ్రాయింగులో బాణం ఎక్కడుందో సరిగ్గా అక్కడే. గేటు గోడలా నిలబడింది. మా ఇంటికి ఇంకో దారి లేదు. వెనక మురికి కాలవ, దాని మీద గోడ.

ఆ బాణం సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. నీకూ, నాకూ. నేను చెయ్యలేదు, నిన్న పొద్దుపోయేదాకా నా చేతిలో ఉన్నది కలం. ఇక మిగిలింది ఎవరో లెక్కల్లో సున్నా వచ్చినవాడు కూడా చెప్పగలడు. అతుకులు కూడా నీ చేతివే అన్నంత బాగున్నాయి. ముప్ఫై ఏళ్ల కిందట పద్నాలుగు మంది ముందు నన్ను నవ్వులపాలు చేశావు. అది చాలక ఇవాళ పందొమ్మిది మంది ముందు చెయ్యాలని గోడ దూకి వచ్చావు. అరవై దగ్గరపడిన మనిషివి, మోకాళ్లెలా ఉన్నాయి?

పదింటికి వాళ్లంతా వస్తారు. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఈ వాక్యం నువ్వు చదివించుకోవద్దు.

వరాహనరసింహం

తా.క. ఆదివారం, టపా లేదు. ఘోష్ బాబు గోడ అవతలినుంచి ఈ ఉత్తరం అందుకుని సైకిలు మీద తెస్తున్నాడు. తన ఫ్యాను నిన్న కూడా రెండు గంటలు ఆగిందట. ఇవాళ నాకు ఆయన ఫ్యాను గురించి బాధపడే తీరిక లేదు.

*

ఖరిదాలో మీ గేటు బయటనుంచి
అదే రోజు, పదిన్నర

బాబుగారికి,

మీరు నాతో మాటాడరు కాబట్టి కోడల్ని కూడా తీసుకొచ్చి ఘోష్ బాబు అరుగు మీద కూకోబెట్టి రాయిస్తున్నాను. సువ్వల్లోంచి అందుకోండి.

ఉత్తరం మొత్తం ఇన్నాను. ఇనొద్దన్న ముక్క కూడా ఇన్నాను. నాను దొంగలాగ గోడ దూకినానని రాసినారు. ఎంత మాటండీ అది! దూకితే పిన్నులెందుకు అతుకుతాను, మీరు పనస తొక్కలాగ ఏసిన మూలలు రెండూ సరిసేసి ఎల్లేవోడిని.

రంపం తెచ్చినాను. సంచిలో ఉన్నాది. తియ్యను. ఇవాళ విశ్వకర్మ పూజ. పనిముట్టు ముట్టుకుంటే సేతులు పోతాయి. పొద్దున్నే రంపానికి కుంకం బొట్టు పెట్టి దండం పెట్టినాను, దాన్ని ఇప్పుడు పనికి దింపమంటారా? రేపు పొద్దున్న ఆరింటికొచ్చి కోస్తాను. అందాకా మీరు లోపల, మేం బయట.

తవిటయ్య

తా.క. బాబుగారూ, మీ ఆఫీసు వాళ్లు మా వెనకే నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన "డ్రాయింగు ప్రకారం చేశారా?" అని అడిగారు. మావయ్య ఆయనవైపు తిరిగి, "డ్రాయింగు ప్రకారమే సేసినారు, మీ జన్మలో ఇలగ అతకలేరు, ముందు ఆ అతుకు సూసి మాటాడండి" అని కసిరారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

*

గేటు లోపలినుంచి
అదే రోజు, పదకొండు

తవిటయ్యకు,

వాళ్లకు చువ్వల్లోంచి బతాసాలు పంచాను. నీకూ కోడలికీ కూడా ఈ పొట్లంలో పెట్టాను. నిన్న రెండు గంటలసేపు వేగిన గారెలు ఎక్కడని బాలాంబను అడిగితే, పప్పు నానబెట్టనే లేదంది. ఈ ఇంట్లో ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

పందొమ్మిది మందీ వెళ్లేటప్పుడు ఒక్కొక్కడూ నాకు చువ్వల్లోంచి చెయ్యి కలిపాడు. జైల్లో ఉన్నవాణ్ణి చూడ్డానికి వచ్చినట్టుంది. నువ్వెందుకు ఇంకా వెళ్లలేదు? ఎండలో తలపాగా చుట్టుకుని నిలబడితే నేను కరిగిపోతాననుకోకు.

వ.న.

తా.క. కుర్చీ గోడ మీదుగా అందిస్తున్నాను. కూర్చో. కూర్చున్నంత మాత్రాన నిన్ను క్షమించినట్టు కాదు.

*

ఖరిదా
19 సెప్టెంబరు 1967

తవిటయ్య మేస్త్రీకి,

మేస్త్రీ అన్న మాట తిరిగి రాశాను. ఇంతకంటే క్షమాపణ ఆశించకు.

నిన్న పొద్దున్న జరిగింది నీకు తెలుసు, అక్కడే ఉన్నావు. అయినా రాస్తున్నాను. చదివించుకునేటప్పుడు నీ కోడలు నవ్వుతుంది, దానికైనా ఉపయోగపడుతుంది.

ఆరింటికి వచ్చావు. సంచిలోంచి రంపం తీశావు. కోసే ముందు కళ్లజోడు పెట్టుకుని మూడు బందుల అతుకులనూ బొటనవేలితో తడిమావు. "బాబూ, ఇది కోయడానికి సెయ్యి రాడం నేదు" అన్నావు. నేను ఒట్టులో ఉన్నాను కాబట్టి జవాబు చెప్పలేదు. అప్పుడు వసారాలోంచి బాలాంబ అంది:

"కోసెయ్యి తవిటయ్యా. మళ్లీ వేస్తాను."

నీ చేతిలో రంపం ఆగింది. నా ఒట్టు ఆగింది. ముప్ఫై ఏళ్ల తర్వాత నీ ఎదురుగా నేను పలికిన మొదటి మాట "ఏమిటీ?" అన్నది. అదీ నీతో కాదు.

బాలాంబ పమిట చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆ రోజు వంట ఏమిటో చెబుతున్నట్టుగా చెప్పింది. "ఆయన ఉత్తరాలు పైకి చదివేవారు. నీ పాఠం నాకు బోధపడింది, ఆయనకి పడలేదు. మూడింటికి లైబ్రరీకి వెళ్లేవారు. సెట్టు ఊరికే ఉండేది. ముక్క మీద రెండోవైపు వేసి చూశాను. మూలలు వేశాను. శనివారం ఈయన చీటీలు రాసుకుంటున్నారు, పూజనాటికి గేటు అవదేమోనని నాకు గాభరా. గోడకున్న డ్రాయింగు చూశాను, పిన్నుల మీద బాణాలున్నాయి, అతికాను. నాకు మాత్రం అనుమానం రాలేదా? వచ్చింది. కింద మూడు సంతకాలున్నాయి కదా అని ఊరుకున్నాను."

ఘోష్ బాబు గోడమీద చేతులు పెట్టుకుని అంతా విన్నాడు. అతని ముఖంలో నెల రోజుల సందేహం తీరి, వెలుగొచ్చింది. కళ్లజోడు ఉన్నవాడికి ఇంట్లో జరిగేది కనపడకపోవడం గురించి నువ్వు ఏదో అనబోయావు. నేనే రాసేస్తున్నాను, నీకా శ్రమ వద్దు.

తర్వాత నువ్వు ఆమెకు దండం పెట్టి, "అమ్మా, ఇప్పుడైనా నా మాట నాకిచ్చీండి. ముప్ఫై ఏళ్లు మోసినాను" అన్నావు. అప్పుడు తెలిసింది. 1937లో పూజనాటి సాయంకాలం, పళ్లెంలో పసుపు కుంకుమలు పట్టుకుని మీ ఇంటికి వచ్చి, మీ ఆవిడ దాలమ్మ ముందు నీ చేత మాట తీసుకున్నది ఎవరో. "ఆయన కళ్లమీదే మా ఇల్లు నడుస్తోంది, ఆ వెలుగు చూడనివ్వకు, నేను అడిగానని చెప్పకు" అందట. అప్పుడామెకు ఇరవై ఏళ్లు. ఇంటికొచ్చి నాకు వడ్డిస్తూ, "రేపు ఖాకీ చొక్కా వేసుకుంటారా?" అని అడిగింది కూడా. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది. అందులో ఏమీ లేదు.

నువ్వు పిన్నులు కోశావు. గేటు తిరిగింది. ఆమె ఒప్పుకుంటుందా అని ఆమెవైపు చూసి, కొత్త రాడ్డు నా చేతిలో పెట్టావు. అగ్గిపుల్ల గీసినట్టు గీశాను. అంటుకుపోయింది. నువ్వు నవ్వలేదు. అందుకు నీకు రుణపడి ఉన్నాను.

ఆఫీసు వాళ్లు వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నారు. ఎవరు అతికారో నిన్ననే కబురు చేశాను. నేను చెప్పకపోతే ఘోష్ బాబు చెప్పేవాడు. ఆయన తన కిటికీకి ఊచల చట్రం కావాలని వచ్చాడు. నా దగ్గరికి కాదు. "మిస్త్రీ దీదీ హై?" అని అడిగాడు. డ్రాయింగు నేను గీస్తున్నాను. తవిటయ్య చూసి సరే అంటేనే రాడ్డు పట్టుకుంటానని ఆమె షరతు పెట్టింది. కాబట్టి శుక్రవారం రా. సరిచూసినవాడు అన్న చోట నీ వేలిముద్రకు ఖాళీ ఉంచాను. ఆ చోట ఇంకొకరిని రానివ్వడం ఇదే మొదలు.

వచ్చినప్పుడు మాట్లాడతానో లేదో చెప్పలేను. రాయడం అలవాటైపోయింది. ఉత్తరాల్లో నువ్వు మధ్యలో అడ్డు రావు.

ఇట్లు,
వరాహనరసింహం

తా.క. నా కోపం తీరిపోయిందని గంగాభవాని నీకు చదివి చెప్పవచ్చు. నమ్మకు. ముప్ఫై ఏళ్లు ఓపిగ్గా పెంచిన కోపాన్ని ఒక పొద్దుటి పూట పారెయ్యడానికి నేను దుబారా మనిషిని కాను. ఇన్నాళ్లూ అది తప్పు మనిషి పేరున ఉంది, అంతే. పద్ధతి ప్రకారం సవరణ చీటీ రాశాను, రెండు ప్రతులు. తప్పు డ్రాయింగు ఎవరు గీశారన్నది ఇక్కడ అప్రస్తుతం. నన్ను పద్నాలుగు మంది ముందు నిలబెట్టినందుకు, పందొమ్మిది మందిని గేటు బయట నిలబెట్టినందుకు, వేగని గారెలను నాకు వినిపించినందుకు, అన్నిటికంటే ముఖ్యంగా నాకు చేతకానిది నాకు తెలియకుండా నేర్చుకున్నందుకు బాధ్యులు అన్న చోట నీ పేరు కొట్టేసి, ఇంకు ఆరేదాకా ఆగి, కొత్త పేరు రాశాను. ఈ క్షణాన ఆ మనిషి వాకిట్లో ముసుగు దించుకుని కూర్చుని ఉంది, పిలిచినా పలకడం లేదు.

బాలాంబ.